పెద్దపేగు కీహోల్ ఆపరేషన్‌కి పరికరం చేయాలంటే స్టేప్లర్‌తో మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. అనంతపురంలో మెకానికల్ ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్న ముగ్గురు మిత్రులు పెద్దపేగు లాపరోస్కోపీ (కీహోల్) ఆపరేషన్లకు తక్కువ ధరలో స్టేప్లర్, అంటే పేగును కోసి పిన్నులతో మూసే పరికరం, తయారు చేయాలనుకుంటున్నారు. 3డీ ప్రింటర్‌లో ఒక నమూనా తీశారు. వాళ్లలో ఒకరి మేనమామ సర్జన్. "బాగా వస్తే ఒక పేషెంట్ మీద ట్రై చేసి చూద్దాం" అన్నారట. ఇప్పుడు తర్వాతి అడుగు ఏమిటి, లైసెన్సు కావాలా, డబ్బు ఎక్కడ దొరుకుతుంది, పేటెంట్ ఎప్పుడు వేయాలి అని అడిగారు.

నేను కర్నూలులో సర్జన్‌ని. పేగుల ఆపరేషన్లే ఎక్కువ చేస్తాను. ఇంజనీర్లతో కలిసి పేగును పట్టుకునే ఒక గ్రాస్పర్ తయారీలో కొన్నేళ్లు పనిచేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మొదటి పరికరంగా స్టేప్లర్ వద్దు. పేగును పట్టుకునే, పక్కకు జరిపే పరికరంతో మొదలుపెట్టండి. పేషెంట్ మీద "ఒకసారి ట్రై" మాత్రం ఏ పరికరంతోనూ వద్దు.

కారణం ఒక్కటే. కొత్తవాళ్లు చేసే పరికరం తప్పు చేస్తే ఆ తప్పు ఆపరేషన్ టేబుల్ మీదే, కెమెరా ముందే కనిపించాలి. అప్పుడు సర్జన్ దాన్ని పక్కన పెట్టి మామూలు పనిముట్టు తీసుకుంటాడు, పేషెంట్‌కి నష్టం ఉండదు. స్టేప్లర్ తప్పు అలా కనిపించదు. కుట్టు చూడటానికి చక్కగా ఉంటుంది. గాలి పంపి, నీళ్లలో బుడగలు వస్తాయా అని చూసినా ఏమీ రాకపోవచ్చు. నాలుగో రోజో, ఆరో రోజో నాడి వేగం పెరుగుతుంది, పొట్ట ఉబ్బుతుంది, జ్వరం వస్తుంది. పేగు కలిపిన చోట లీకయిందని అప్పుడు తెలుస్తుంది. కీహోల్ ఆపరేషన్ కాబట్టి పేషెంట్‌ని తొందరగా ఇంటికి పంపేసి ఉంటాం. ఆదోని అవతల పల్లెలో ఉన్న మనిషి మళ్లీ కర్నూలు చేరేసరికి మలం కడుపంతా పాకి ఉంటుంది. అలాంటి పేషెంట్‌ని రాత్రిపూట మళ్లీ టేబుల్ మీదికి తీసుకోవడం ఎంత టెన్షనో మీ మామయ్యకు నేను చెప్పక్కర్లేదు.

పెద్ద కంపెనీల స్టేప్లర్లకు కూడా ఈ బాధ తప్పలేదు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏకి 2011 జనవరి నుంచి 2018 మార్చి వరకు ఒంటి లోపల వాడే స్టేప్లర్లు, పిన్నుల మీద 41,000కు పైగా ఫిర్యాదులు చేరాయి. వాటిలో 366 మరణాలకు సంబంధించినవి, 9,000కు పైగా తీవ్రమైన గాయాలకు సంబంధించినవి. ప్రతి ఫిర్యాదులోనూ తప్పు పరికరానిదేనని కాదు. అయినా వాటిని చూశాకే 2021లో ఆ స్టేప్లర్లను మరింత కఠినమైన తరగతిలోకి మార్చారు.

స్టేప్లర్ లోపల జరిగేది ఇంజనీర్‌గా మీకు ఆసక్తిగా ఉంటుంది కాబట్టి కొంచెం చెబుతాను. లాపరోస్కోపీలో వాడే నిలువు స్టేప్లర్ కోత గీతకి అటు మూడు వరుసలు, ఇటు మూడు వరుసలు టైటానియం పిన్నులు వేస్తుంది, మధ్యలో బ్లేడు కోసుకుంటూ పోతుంది. ప్రతి పిన్ను కాళ్లు ఎదురుగా ఉన్న గుంటల్లో తగిలి ఇంగ్లిష్ బీ అక్షరంలా వంగాలి. ఆ ఆకారం వల్లే పేగు మూసుకుంటుంది, సన్న రక్తనాళాల్లో రక్తమూ ఆగిపోదు. వాడుకలో ఉన్న నీలం కార్ట్రిడ్జ్ (పిన్నులు నింపిన పెట్టె)లో పిన్ను మూసుకున్నాక సుమారు 1.5 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది, పచ్చదానిలో 2 మిల్లీమీటర్లు. అంటే రెండు సైజుల మధ్య తేడానే అర మిల్లీమీటరు. పైగా పేగు స్టీలు రేకు కాదు. అదిమితే అందులోని నీరు మెల్లగా పక్కకు పోతుంది, మందం తగ్గుతుంది. అందుకే దవడలు మూసి కొన్ని సెకన్లు ఆగి, ఆ తర్వాతే ఫైర్ చేస్తాం. ఒకే పేషెంట్‌లో గడ్డ అడ్డుపడిన చోటికి పైన పేగు ఉబ్బి మందంగా ఉంటుంది, కింద పలచగా ఉంటుంది. ఇన్ని మార్పులకు తట్టుకుని వేల పిన్నులు ఒకేలా వంగాయని చూపించడానికి కావలసిన టూలింగ్, పరీక్షలు ముగ్గురు విద్యార్థుల చేతిలో పని కాదు. మీ తెలివి మీద అనుమానంతో అంటున్న మాట కాదిది.

మీరు స్టేప్లర్ ఎందుకు ఎంచుకున్నారో నాకు అర్థమైంది. ఒక్కో కార్ట్రిడ్జ్ వేల రూపాయలు. ప్రభుత్వ పథకం ప్యాకేజీలో చేసే ఆపరేషన్‌లో రెండు మూడు కార్ట్రిడ్జ్‌లు వాడితే ఆస్పత్రికి మిగిలేది ఉండదు. ఆ బాధ నిజం. కానీ చేత్తో కుట్టడం మాకు వచ్చు. పేగును చిన్న కోత గుండా బయటికి తీసి, చేత్తో కలిపి, లోపలికి పంపే పద్ధతి కుడివైపు పెద్దపేగు ఆపరేషన్లలో ఎప్పటినుంచో ఉంది. స్టేప్లర్ కొనలేని చోట దారి ఉంది. పేగును సరిగ్గా పట్టుకునే పనిముట్టు లేకపోతే దారి లేదు. పొట్ట తెరవాల్సిందే.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్లాలి. పిత్తాశయాన్ని లాపరోస్కోపీతో తీయడం 1985లో జర్మనీలో మొదలైంది. పెద్దపేగుకి ఆ పద్ధతి వచ్చింది 1990-91లో. 1991లో అమెరికాలోని మయామీ సర్జన్లు తాము చేసిన 20 కేసులు ప్రచురించారు. మధ్యలో అన్నేళ్లు ఎందుకు పట్టింది? పిత్తాశయం ఒక మూల కదలకుండా ఉంటుంది. పెద్దపేగు పొట్ట నాలుగు మూలలూ తిరిగి ఉంటుంది. ఎడమవైపు పైన ప్లీహం కింద మలుపు విడదీయాలి, అదే ఆపరేషన్‌లో కటి లోపలికి దిగాలి. చిన్నపేగు మాటిమాటికీ జారి కెమెరాకి అడ్డం వస్తుంది. పెద్ద రక్తనాళాలు కట్టాలి. ఇంతా చేశాక తీసిన భాగాన్ని బయటికి తేవాలి, మిగిలిన రెండు కొసలు కలపాలి.

క్యాన్సర్‌లో ఈ పద్ధతి సురక్షితమేనా అన్న సందేహానికి 2004లో జవాబు దొరికింది. అమెరికా, కెనడాల్లో 48 ఆస్పత్రుల్లో 872 మంది మీద చేసిన అధ్యయనంలో మూడేళ్లలో జబ్బు తిరగబెట్టడం లాపరోస్కోపీలో 16 శాతం, పొట్ట తెరిచిన ఆపరేషన్‌లో 18 శాతం. అంటే రెండూ సమానమే. అదే అధ్యయనంలో లాపరోస్కోపీతో మొదలుపెట్టిన వాళ్లలో 21 శాతం మందికి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది. కారణాలు చాలా ఉంటాయి: గడ్డ పక్క అవయవాలకు పాకడం, పాత ఆపరేషన్ల అతుకులు, కనపడకపోవడం, పేగు కదలకపోవడం. ఈ చివరి రెండింటి మీద పనిముట్టుతో ఏదైనా చేయగలం. మీ శ్రమ అక్కడ పెట్టమని నా మాట.

ఇప్పుడు దవడ సంగతి. 5 మిల్లీమీటర్ల గొట్టం చివర రెండు దవడలు, లోపల కడ్డీ, ఇవతల హ్యాండిల్. చూస్తే ఇంతే. మామూలు గ్రాస్పర్‌తో పేగును గట్టిగా పట్టుకుని వదిలి, కెమెరా దగ్గరికి తెచ్చి చూడండి. ముందు తెల్లటి ముద్ర కనిపిస్తుంది. కాసేపటికి అది ఎర్రబడుతుంది. దవడ అంచు పడిన చోట సన్నటి గీత ఉంటుంది, ఆ గీత పొడవునా పేగు పైపొరకున్న తడి మెరుపు పోయి ఉంటుంది. అక్కడ పైపొర చిరిగిందన్నమాట. దాన్ని వెంటనే కుట్టాలి. కత్తెరలా ఒకే కీలు మీద తెరుచుకునే దవడల్లో మందమైన పేగు పడితే కీలు దగ్గర ముందు నలుగుతుంది, కొస దగ్గర పట్టే ఉండదు. కొస జారుతుంటే సర్జన్ ఇంకా గట్టిగా నొక్కుతాడు, కీలు దగ్గర ఇంకా నలుగుతుంది. పైగా చేతికి స్పర్శ తెలియదు. పొట్టలోకి వేలు పెట్టినప్పుడు తెలిసేది కడ్డీ గుండా, గొట్టం రాపిడి గుండా, పోర్టు (పనిముట్లు పొట్టలోకి దూర్చే గొట్టం) వాల్వ్ గుండా వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు.

మేము చేసినదాంట్లో రెండు విషయాలు పనికొచ్చాయి. ఒకటి, దవడలు సమాంతరంగా మూసుకునేలా కీలు మార్చడం. రెండోది, హ్యాండిల్‌కి, కడ్డీకి మధ్య స్ప్రింగు పెట్టడం. ఒక హద్దు దాటాక హ్యాండిల్ ఎంత నొక్కినా కడ్డీ ఇంకా లాగదు. ర్యాచెట్ (పట్టు వదలకుండా ఆపే లాకు) పడినా బలం ఆ హద్దులోనే ఉంటుంది. ఆ హద్దు ఎంత ఉండాలన్నది మీరు కొలిచి తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న. దవడ అంచుల గుండ్రదనం కూడా తక్కువ విషయమేమీ కాదు. వైర్ కట్‌లో (కరెంటు తీగతో లోహాన్ని కోసే యంత్రంలో) వచ్చిన అంచు వేలికి నున్నగానే తగులుతుంది, పేగుకి తగలదు. ఎలక్ట్రోపాలిష్ (కరెంటు, రసాయనంతో చేసే నునుపు) చేయించాలి.

ఇంకొక సంగతి. దవడలు పూర్తిగా మూసుకోకపోతే పరికరాన్ని పోర్టులోంచి బయటికి లాగేటప్పుడు వాల్వ్ చిరుగుతుంది. పొట్టను ఉబ్బించడానికి నింపిన గ్యాస్ కారిపోతుంది, పొట్ట కుంగిపోతుంది, కెమెరా ముందు ఏమీ కనపడదు. మీ నమూనాను అసలు పోర్టులో మాటిమాటికీ దూర్చి తీసి చూడండి.

పరీక్షలు ఎక్కడ చేయాలి? కబేళా దగ్గర. మన ఊళ్లలో బోటి అమ్మేవాళ్లను ముందే అడిగి పెట్టుకుంటే తెల్లవారుజామున తాజా పేగులు ఇస్తారు. బాగా కడిగి, సెలైన్‌లో తడిపి, ఐసు పెట్టెలో తెచ్చుకుని ఆ రోజే వాడండి. గడ్డకట్టిస్తే, ఫార్మలిన్‌లో వేస్తే గుణం మారిపోతుంది, ఆ కొలతలకు విలువ లేదు. రెండు కొసలు కట్టి, లోపల రంగునీళ్లు నింపి, సెలైన్ బాటిల్ పైకెత్తి ఒత్తిడి పెంచుతూ దవడ పట్టిన చోట చెమ్మ వస్తుందా చూడండి. దవడల మధ్య ఒత్తిడికి రంగు మారే ఫిల్మ్ పెడితే ఎక్కడ ఎక్కువ నలుగుతుందో కళ్లకు కడుతుంది. జారడానికి ఎంత బలం పట్టిందో లోడ్ సెల్‌తో (బలాన్ని కొలిచే సెన్సారు) కొలవండి. ఒక ప్లాస్టిక్ డబ్బా, వెబ్‌క్యామ్, ఎల్ఈడీ దీపం ఉంటే లాపరోస్కోపీ బాక్సు మీరే కట్టుకోవచ్చు.

దీనికి హద్దులున్నాయి. గొర్రె, మేక పేగులకు మనిషి పెద్దపేగు మీద ఉండే నిలువు కండర పట్టీలు ఉండవు, పంది పేగుకి ఉంటాయి. వీలైతే పంది పేగు మీద కూడా చేయండి. చచ్చిన పేగులో రక్తం తిరగదు కాబట్టి కమిలిన గుర్తు కనపడదు. అది తెలియాలంటే బతికున్న జంతువు మీద చేయాలి. దానికి రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ, అక్కడి జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. ఇంటి పెరట్లో చేసే పని కాదు.

కడగడం గురించి మొదటి రోజునుంచే ఆలోచించండి. మన దగ్గర వచ్చే చాలా పరికరాలు దీని దగ్గరే ఓడిపోతాయి. ఒక్కసారి వాడి పారేయమని రాసి ఉన్న పనిముట్లను మన ప్రాంతంలో కడిగి, స్టెరిలైజ్ చేసి మళ్లీ వాడటం చాలా చోట్ల జరుగుతోంది. అది తప్పా ఒప్పా అన్న చర్చ వేరు. మీ పరికరాన్ని మళ్లీ వాడటానికే డిజైన్ చేస్తే ఆ చర్చే ఉండదు. 5 మిల్లీమీటర్ల గొట్టం లోపలికి రక్తం పాకుతుంది, ఎండుతుంది. గొట్టం, కడ్డీ, హ్యాండిల్ మూడూ స్పానర్ లేకుండా విడిపోవాలి. లేదా గొట్టంలోకి సిరంజితో నీళ్లు కొట్టే దారి ఉండాలి.

మా మొదటి నమూనాల్లో ఒకటి మా దగ్గర బాగానే పనిచేసింది. కడప వైపు ఒక చిన్న ఆస్పత్రిలో కడగడం, ఆటోక్లేవ్ వరకు పరీక్షించమని ఇస్తే కొన్నాళ్లకు థియేటర్ సిస్టర్ ఫోన్ చేసి "సార్, ఇది నోరు తెరవడంలే" అంది. వెళ్లి చూస్తే కీలు సందులో తెల్లటి సున్నపు పొర. అక్కడ బోరు నీళ్లతో కడిగి, ఆ తడి మీదే ఆటోక్లేవ్‌లో పెడుతున్నారు. ఆ సిస్టర్ చేస్తున్నది అక్కడ అందరూ చేసేదే, ఆర్ఓ నీళ్లు తాగడానికే సరిపోవు. దాంతో కీలు సందు కొంచెం వదులు చేసి, దవడ వెనక నీళ్లు పారే కంత పెట్టాం. రాయలసీమ నీళ్ల ఉప్పదనం మీ డిజైన్ కొలతల్లో ఉండాలి. జర్మనీలో చేసిన కేటలాగ్ చూసి కొలతలు దించుకుంటే అది ఉండదు.

మీ 3డీ ప్రింట్ నమూనా పీఎల్ఏ (3డీ ప్రింటర్లలో మామూలుగా వాడే ప్లాస్టిక్) అయితే అది 60 డిగ్రీలకే మెత్తబడుతుంది, ఆటోక్లేవ్ 121 డిగ్రీలు. చేతికి పట్టు ఎలా ఉందో చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది. అసలు ముక్కలకు సర్జికల్ స్టెయిన్‌లెస్ స్టీలు వాడండి. హ్యాండిల్ ప్లాస్టిక్‌దైతే ఆటోక్లేవ్‌ని మళ్లీమళ్లీ తట్టుకునే పీపీఎస్‌యూ, పీక్ లాంటివి చూడండి. హిందూపురం, పెనుకొండ వైపు సీఎన్‌సీ షాపులు ఉన్నాయి, ఇంకా సన్నపనికి బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ ఉంది. చిన్న ముక్కలు రెండు మూడు చేసివ్వమంటే చాలామంది ఒప్పుకోరు. డ్రాయింగ్ శుభ్రంగా, టాలరెన్సులు రాసి తీసుకెళ్తే ఒప్పుకుంటారు.

గ్రాస్పర్‌తో అసలు ప్రమాదమే లేదని మాత్రం నేను అనడం లేదు. కెమెరాకి అవతల పట్టుకుని లాగితే పేగు చిరిగి, ఎవరూ చూడకుండా మిగిలిపోవచ్చు. కరెంటు కాటరీకి (కరెంటు వేడితో రక్తనాళాలను మాడ్చడానికి) కూడా వాడేదైతే గొట్టం పై తొడుగులో సన్న పగులు ఉన్నా పక్క పేగు కాలుతుంది, అది కూడా రోజుల తర్వాతే బయటపడుతుంది. అందుకని మొదటి పరికరంలో కరెంటు జోలికి పోవద్దు.

లైసెన్సు. మన దేశంలో మెడికల్ డివైసెస్ రూల్స్, 2017 అమల్లో ఉన్నాయి, 2018 జనవరి 1 నుంచి. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలూ చట్టం కిందికి వచ్చాయి. ప్రమాదాన్ని బట్టి ఎ, బి, సి, డి అని నాలుగు తరగతులు. ఎ, బి తయారీ లైసెన్సు రాష్ట్ర అధికారులు ఇస్తారు, సి, డి అయితే కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ ఇస్తుంది. మళ్లీమళ్లీ వాడే పట్టుకునే పనిముట్లు సాధారణంగా కింది తరగతుల్లో పడతాయి. ఒంట్లో మిగిలిపోయే పిన్నులున్నవి పై తరగతికి వెళ్తాయి. స్టేప్లర్ వద్దనడానికి ఇదొక కారణం. మీ పరికరం ఏ తరగతో సీడీఎస్‌సీఓ జాబితాలో చూసి నిర్ధారించుకోండి.

పరీక్షల కోసం కొద్ది సంఖ్యలో తయారు చేయడానికే అనుమతి కావాలి. ఎండీ-12 ఫారంలో దరఖాస్తు చేస్తే ఎండీ-13 ఫారంలో ఇస్తారు. మనుషుల మీద క్లినికల్ ఇన్వెస్టిగేషన్‌కి ఎండీ-22 దరఖాస్తు, ఎండీ-23 అనుమతి. దానితోపాటు ఎథిక్స్ కమిటీ ఆమోదం, పేషెంట్ రాతపూర్వక సమ్మతి, సీటీఆర్ఐలో (దేశంలో క్లినికల్ పరీక్షల రిజిస్టరు) నమోదు. ప్రమాదాల అంచనాకు ఐఎస్ఓ 14971, నాణ్యత వ్యవస్థకు ఐఎస్ఓ 13485, ఒంటికి పడుతుందా లేదా అన్న పరీక్షలకు ఐఎస్ఓ 10993 చదవండి. 14971 ప్రకారం "ఏం తప్పు జరగొచ్చు, జరిగితే ఎవరికి ఎప్పుడు తెలుస్తుంది" అన్న పట్టిక ఈ వారమే మొదలుపెట్టండి. తర్వాత రాద్దామనుకుంటే డిజైన్ ఎందుకు మార్చారో మీకే గుర్తుండదు.

మీ మామయ్యతో ఒక మాట. ఆయన మంచి మనసుతోనే అన్నారు, అనుమానం లేదు. కానీ అనుమతి లేని పరికరంతో పేషెంట్‌కి ఏదైనా జరిగితే ఆయన రిజిస్ట్రేషన్, మీ భవిష్యత్తు రెండూ పోతాయి. అంతకన్నా ముందు ఆ పేషెంట్ పోతాడు. ఆయన మీకు చేయగలిగిన పెద్ద సాయం వేరే ఉంది: అనుమతి తీసుకుని మిమ్మల్ని థియేటర్‌లో నిలబెట్టడం. స్క్రీను ఒక్కటే చూడకండి. అసిస్టెంట్ చేయి ఎంతసేపటికి వణుకుతుంది, సర్జన్ ఏ పనిముట్టుని విసుక్కుంటూ మార్చాడు, సిస్టర్ ఆపరేషన్ అయ్యాక దేన్ని కడగడానికి ఎక్కువసేపు తంటాలు పడింది, ఇవన్నీ రాసుకోండి. ఒక్క సర్జన్ దగ్గరే ఆగకండి. అనంతపురం, కడప, కర్నూలు ప్రభుత్వ వైద్య కళాశాలల్లో సర్జరీ విభాగాలున్నాయి, ఒక్కొక్కరి చేయి ఒక్కో రకం. మేనమామకి నచ్చిన హ్యాండిల్ చిన్న చేతులున్న మహిళా సర్జన్‌కి అందకపోవచ్చు.

డబ్బు విషయానికి వస్తే, కేంద్ర ప్రభుత్వ బయోటెక్ సంస్థ బైరాక్ వారి బిగ్ గ్రాంటు 18 నెలలకు 50 లక్షల దాకా ఇస్తుంది. పోటీ ఎక్కువ, కానీ కబేళా పేగుల మీద చేసిన కొలతలు చేతిలో ఉంటే మీ మాటకు బరువు ఉంటుంది. విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో పరీక్షల ల్యాబులు ఉన్నాయి, ధరలు ముందే కనుక్కోండి. కాలేజీ ల్యాబులో చేసిన పని అయితే హక్కులు ఎవరివో కాలేజీతో ఇప్పుడే కాగితం మీద రాయించుకోండి.

పేటెంట్: ఆపరేషన్ చేసే పద్ధతికి మన చట్టంలో పేటెంట్ రాదు, పరికరానికి వస్తుంది. కాలేజీ ఫెస్టులో, కాన్ఫరెన్సులో, యూట్యూబ్‌లో చూపించే ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేయండి. వేసిన 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్ ఇవ్వాలి. 2021 నుంచి విద్యాసంస్థలకు ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది, కాలేజీ పేరు మీద వేసేటట్లయితే అడగండి. దవడ ఆలోచనలో మీ మామయ్య పాలు ఉంటే ఆవిష్కర్తల్లో ఆయన పేరు కూడా రాయండి. దవడ డ్రాయింగ్ మాత్రం దరఖాస్తు పడేదాకా ఇక్కడ పెట్టకండి. పడ్డాక పెడితే కీలు, అంచుల గురించి నాకు తోచింది చెబుతాను.